ఫోన్‌లో రేటు, యార్డులో బేరం

మా పెదనాన్నది గుంటూరు దగ్గర పల్లెటూరు. నా చిన్నప్పుడు ఆయన మిరపకాయలు వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకి వెళ్తే తిరిగొచ్చేదాకా ఇంట్లో అందరికీ టెన్షనే. రాత్రి లారీలో బయల్దేరేవాడు. ఆ రోజు రేటెంతో తెల్లారి కమిషన్ కొట్టు ముందు టిక్కీలు (మిర్చి బస్తాలు) దించాకే తెలిసేది. రేటు బాగోలేదని సరుకు వెనక్కి తెచ్చుకోలేడు. లారీ బాడుగ, హమాలీల కూలి అప్పటికే మీద పడి ఉంటాయి. ఇప్పుడు పొద్దున్నే మంచం మీద కూర్చునే వాట్సాప్ చూస్తాడు. తేజ రకం ఎంత, 334 రకం ఎంత, తాలు (నాసిరకం కాయ) ఎంత, అన్నీ కొట్టు గుమస్తా వాయిస్ మెసేజ్‌లో చెప్పేస్తాడు.

రేటు ముందే తెలిశాక రైతు చేతికొచ్చే డబ్బు పెరగాలి కదా. పెరిగిందా అన్నది నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న.

పెరుగుతుందని నమ్మడానికి గట్టి ఆధారమే ఉంది. ఉత్తర కేరళ తీరానికి 1997లో సెల్‌ఫోన్లు వచ్చాయి. తీరం వెంబడి టవర్లు ఉండటంతో సముద్రం లోపల 20, 25 కిలోమీటర్ల దాకా సిగ్నల్ అందేది. రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికవేత్త ఫోన్లు రాకముందు నుంచీ అక్కడి రేవుల్లో కవళ్ల (సార్డీన్ చేపల) ధరలు రాయించాడు. 1997 జనవరిలో ఒకరోజు పొద్దున వడకర రేవులో 11 పడవలవాళ్లు కొనే దిక్కులేక చేపలు పారబోశారు. అదే సమయంలో, 15 కిలోమీటర్ల లోపే ఉన్న చోంబాల, కొయిలాండి రేవుల్లో 27 మంది వ్యాపారులు చేపలు దొరక్క వట్టి చేతులతో వెళ్లిపోయారు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుంటుంది. అంత దగ్గరలో ఉండి కూడా ఒకరి సంగతి ఒకరికి తెలియలేదు.

ఫోన్ వచ్చాక జాలర్లు నడిసముద్రం నుంచే నాలుగు రేవులకు ఫోన్ చేసి, గిరాకీ ఉన్నవైపు పడవ తిప్పడం మొదలుపెట్టారు. రేవుకీ రేవుకీ మధ్య ధరల తేడా బాగా తగ్గింది. చేపలు పారబోయడం దాదాపు ఆగిపోయింది. జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. జెన్సన్ ఈ ఫలితాలను 2007లో ప్రచురించాడు.

అయితే ఇంకో పరిశోధన కూడా ఉంది. మార్సెల్ ఫాచాంప్స్, బార్ట్ మింటెన్ అనే ఇద్దరు మహారాష్ట్రలో 100 ఊళ్లు తీసుకుని, కొన్ని ఊళ్ల రైతులకు పంటల ధరలు, వాతావరణం ఎస్సెమ్మెస్‌లో అందే ఏర్పాటు చేశారు. 2012లో వచ్చిన ఫలితం ప్రకారం, ఆ మెసేజ్‌లు అందిన రైతులకు చెప్పుకోదగ్గ ఎక్కువ ధరేమీ దక్కలేదు.

జాలరికి కలిసొచ్చిన ఫోన్ రైతుకి ఎందుకు కలిసిరాలేదు? దీనికి జవాబు మన గుంటూరు మిర్చి యార్డులో ఒక పూట నిలబడితే దొరుకుతుందని నా నమ్మకం.

మిరపకు పెట్టుబడి చాలా ఎక్కువ. నారు, ఎరువులు, మందులు, చివర్లో కోత కూలీలు. సొంత పొలం ఉన్నవాడే అప్పుకి తిరగాల్సి వస్తుంది. ఇక కౌలు రైతుకి బ్యాంకు గుమ్మం ఎక్కడం మరీ కష్టం. అందుకని కమిషన్ కొట్టులో డబ్బు తెస్తాడు. కాయ ఎండాక టిక్కీలు ఆ కొట్టు ముందే దిగాలి. పక్క వరసలో క్వింటాకి రెండు వందలు ఎక్కువ పలుకుతోందని ఫోన్ చెప్పినా ఆయన పడవ తిప్పలేడు. కొట్టు యజమానిని తిట్టడం తేలికే. కానీ అర్ధరాత్రి ఆస్పత్రి ఖర్చుకి డబ్బు సర్దేది కూడా ఆయనే అని మా పెదనాన్న చాలాసార్లు చెప్పాడు. ఆ బంధం ఒక యాప్‌తో తెగేది కాదు. చౌక వడ్డీకి పంట రుణం చేతికందితే తెగుతుంది.

పైగా మిర్చికి ఒకటే రేటంటూ ఉండదు. కొనేవాడు కాయ తుంచి చూస్తాడు, రంగు చూస్తాడు, గుప్పిట్లో నలిపి తేమ ఎంతుందో పసిగడతాడు. ఫోన్‌లో వచ్చిన పెద్ద అంకె మేలు రకానికి. మన కాయ ఆ రకమో కాదో తేల్చేది అవతలివాడే. ఒకరికి తెలిసిన నాణ్యత రెండోవారికి తెలియకపోతే సంత ఎలా దెబ్బతింటుందో ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ పాత కార్ల ఉదాహరణతో 1970లో వివరించాడు, 2001లో నోబెల్ అందుకున్నాడు. 2016 ఏప్రిల్‌లో దేశంలో మొదలైన ఈ-నామ్ ఆన్‌లైన్ వేలానికి కూడా ఇదే అసలు పరీక్ష. కాయ నాణ్యతను యార్డులోనే యంత్రంతో కొలిచి, ఆ కాగితం రైతు చేతిలో పెడితేనే దూరపు వ్యాపారి కంటితో చూడకుండా ధైర్యంగా పాట పాడగలడు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. ఫోన్ చెప్పేది ఈరోజు రేటు. రైతు నారు వేసేది వచ్చే ఏడాది రేటు కోసం. 2021 చివర్లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చేసింది. సరుకు తగ్గింది, 2023లో తేజ క్వింటా 20 వేలు దాటింది. ఆ అంకె అందరి ఫోన్లలోనూ ఒకేసారి మెరిసింది. ఆ తర్వాతి రోజుల్లో కోల్డ్ స్టోరేజీలు నిండాయి, ధర జారింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకి 11,781 రూపాయల ధర నిర్ణయించాల్సి వచ్చింది. మంచి ధర చూసి అందరూ వేయడం, అందరూ వేశారు కాబట్టి ధర పడిపోవడం ఫోన్లకన్నా చాలా పాతది. దీన్ని ఆర్థికశాస్త్రంలో సాలెగూడు సిద్ధాంతం అంటారు. 1934లో ఆర్థికవేత్త నికొలస్ కాల్డోర్ ఈ పేరు పెట్టాడు. రేటు ఇంత వేగంగా అందరికీ చేరుతున్నప్పుడు అందరూ ఒకేవైపు పరుగెత్తే ప్రమాదం ఇంకా పెరిగిందని నాకనిపిస్తుంది.

ఈ ఏడాది ఎన్ని ఎకరాల్లో నారు పడింది, కోల్డ్ స్టోరేజీల్లో ఎన్ని టిక్కీలు మిగిలాయి అన్న రెండు లెక్కలు ఆగస్టుకల్లా రేటుతో పాటే రైతు ఫోన్‌కి రావాలి. మా పెదనాన్న ఇప్పటికీ ఆ లెక్క తన పద్ధతిలోనే కడుతున్నాడు. నాట్లు మొదలవగానే బండి మీద చుట్టుపక్కల నాలుగు ఊళ్లు తిరిగి, ఎవరి చేలో ఏం వేశారో చూసొస్తాడు. ఆ తర్వాతే ఎన్ని ఎకరాలు వేయాలో తేల్చుకుంటాడు.