పదహారో నంబరు ప్రతి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

హిట్లర్ గురించి పాఠాల్లో చదివారు కదా. ఇవాళ అతని ప్రభుత్వంలో పనిచేసిన ఒక అధికారి గురించి రాస్తున్నాను. పేరు మార్టిన్ లూథర్. చర్చిని సంస్కరించిన లూథరూ కాదు, అమెరికాలో నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడిన కింగూ కాదు. ఇతను బెర్లిన్‌లో సామాన్లు తరలించే వ్యాపారం చేసినవాడు.

రిబ్బెన్‌ట్రాప్ 1936లో జర్మన్ రాయబారిగా లండన్ వెళ్లినప్పుడు లూథర్ అతని ఇంటి సామాను, అలంకరణ పనులు చూసి దగ్గరయ్యాడు. ఆ పెద్దమనిషి 1938లో విదేశాంగ మంత్రి అయ్యాడు. ఇక చూసుకోండి, 1940 నాటికి మన లూథర్ ఆ శాఖలో ఒక విభాగానికే అధిపతి!

ఆ విభాగం పనుల్లో ఒకటి, జర్మనీ చెప్పుచేతల్లో ఉన్న దేశాల నుంచి యూదులను పంపించేలా ఆ ప్రభుత్వాలను ఒప్పించడం. స్లొవేకియా దగ్గరైతే, పంపిన ఒక్కొక్క మనిషికి 500 మార్కుల చొప్పున వసూలు చేశారు. చావుకు పంపుతూ పైగా రుసుము! ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతోంది.

1942 జనవరి 20న బెర్లిన్ శివార్లలో, వాన్సే చెరువు ఒడ్డున ఒక బంగళాలో 15 మంది అధికారులు కూర్చున్నారు. యూరప్ యూదులందరినీ ఎలా అంతం చేయాలన్నదే చర్చ. లూథర్ విదేశాంగ శాఖ తరఫున వెళ్లి, స్కాండినేవియా దేశాల్లో ఇబ్బందులొస్తాయి, వాటిని ప్రస్తుతానికి వాయిదా వేద్దామన్నాడు. దయతో కాదు, లెక్క చూసుకుని.

ఇతను పడిపోయింది మాత్రం ఈ పాపానికి కాదు. మంత్రికి మతి సరిగా లేదంటూ తయారుచేసిన కాగితాలతో, తనను పైకి తెచ్చిన రిబ్బెన్‌ట్రాప్‌నే దించేయాలని 1943 ఫిబ్రవరిలో పన్నాగం పన్నాడు. పోలీసు బలగాల అధిపతి హిమ్లర్ మద్దతిస్తాడనుకున్నాడు. ఆయన మంత్రి పక్షాన నిలిచాడు. లూథర్‌ను సాక్సెన్‌హౌసెన్ నిర్బంధ శిబిరానికి పంపారు. 1945లో యుద్ధం ముగిసే రోజుల్లో గుండె ఆగి పోయాడు. ఏ కోర్టు బోనూ ఎక్కలేదు.

వాన్సే సమావేశపు నివేదిక 30 ప్రతులు తీశారు. 1947లో, హిట్లర్ అధికారుల నేరాలపై జరిగిన నూరెంబర్గ్ విచారణల కోసం విదేశాంగ శాఖ ఫైళ్లు తిరగేస్తున్న అమెరికన్ ప్రాసిక్యూటర్ల బృందానికి ఒక్కటి దొరికింది. అది లూథర్‌కు అందిన పదహారో నంబరు ప్రతి. అప్పటిదాకా ఏమీ తెలియదని తప్పించుకున్న అధికారుల ముందు పెట్టడానికి రాతపూర్వకమైన సాక్ష్యం చేతికొచ్చింది. మిగతా 29 ప్రతులూ దొరకలేదు.

ఆ బంగళా ఇప్పుడు స్మారక మ్యూజియం. జర్మనీలో చదువుతున్న మీ అక్కను ఈసారి సెలవుల్లో చూసి రమ్మని చెప్పాను.

మీ
తాతయ్య