చుక్క చుక్కగా చారలు

తెర మీద ఒక చుక్క మెరుస్తుంది. తర్వాత ఇంకెక్కడో మరొకటి. పది చుక్కలు పడేదాకా చూసినా వాటికో వరసా పద్ధతీ ఉండదు, గింజలు చల్లినట్టు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. వంద దాటినా అంతే. వేలల్లోకి వచ్చేసరికి కొన్ని చోట్ల గుమికూడుతున్నాయేమో అని అనుమానం వస్తుంది. పదుల వేలు పడ్డాక ఇక అనుమానం అక్కర్లేదు. తెర నిండా చారలే, ఒకటి వెలుగు, ఒకటి చీకటి. 1989లో జపాన్‌లో హిటాచీ పరిశోధనశాలకు చెందిన అకిరా టోనోమురా బృందం ప్రచురించిన ప్రయోగం ఇది. ఒక్కో చుక్కా ఒక్కో ఎలక్ట్రాన్.

చారలు కనబడ్డాయంటే అక్కడ తరంగాలు ఉన్నట్టే లెక్క. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త థామస్ యంగ్ కాంతిని తరంగమని వాదించింది ఇలాంటి చారల బలంతోనే. సన్నని చీలిక గుండా వచ్చిన తరంగం తిన్నగా పోకుండా అటూ ఇటూ విచ్చుకుంటుంది. అది వివర్తనం. పక్కపక్కనే ఉన్న రెండు చీలికల నుంచి అలా విచ్చుకున్న తరంగాలు ఒకదాని మీద ఒకటి పడి, శృంగంతో (అల ఎత్తుతో) శృంగం కలిసిన చోట బలపడతాయి, శృంగంతో ద్రోణి (అల పల్లం) కలిసిన చోట రద్దవుతాయి. అది వ్యతికరణం. పరీక్ష కోసం బట్టీపట్టినప్పుడు ఈ రెండు పేర్లూ కలగాపులగం అవుతాయి కానీ, మొదటిది లేకపోతే రెండోది లేదు. విచ్చుకోకపోతే కలుసుకునేదెక్కడ?

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఒక చీలిక మాత్రమే తెరిచి ఉంచితే తెర మీద ఒక చోటికి ఎలక్ట్రాన్లు వస్తున్నాయి. రెండోదీ తెరిచాం. దారి పెరిగింది కాబట్టి రాక కూడా పెరగాలి. కానీ కొన్ని చోట్ల రాక దాదాపు ఆగిపోతుంది. గదికి రెండో తలుపు తీయగానే లోపలికి జనం రావడం మానేసినట్టు! వింతంతా నాకు వెలుగు చారల్లో కాదు, ఈ చీకటి చారల్లో కనిపిస్తుంది.

ఎలక్ట్రాన్‌కి తరంగదైర్ఘ్యం, అంటే ఒక శృంగం నుంచి తర్వాతి శృంగానికి ఉండే దూరం, ఉండాలని 1924లో తన పరిశోధన గ్రంథంలో ప్రతిపాదించినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ డి బ్రోయ్. ప్లాంక్ స్థిరాంకం అనే అతి చిన్న స్థిర సంఖ్యని ద్రవ్యవేగంతో (ద్రవ్యరాశి, వేగాల లబ్ధంతో) భాగిస్తే అది వచ్చేస్తుంది. సూత్రం చిన్నదే, చిక్కంతా అంకెల్లో ఉంది. 50,000 వోల్టులతో పరిగెత్తించిన ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం సుమారు 0.005 నానోమీటర్లు. ఆకుపచ్చ కాంతిది 500 పైచిలుకు. అంటే దాదాపు లక్ష రెట్లు తేడా. అంత చిన్న తరంగం కంటికి కనబడేంతగా విచ్చుకోవాలంటే చీలికలు ఎంత సన్నగా, ఎంత దగ్గరగా ఉండాలో ఊహించండి.

అందుకే మొదటి సాక్ష్యం మనిషి కోసిన చీలికల నుంచి రాలేదు, స్ఫటికాల నుంచి వచ్చింది. వాటిలో పరమాణువుల వరసలే సహజమైన సందులు. అమెరికాలోని బెల్ సంస్థలో డేవిసన్, జెర్మర్ నికెల్ మీద ఎలక్ట్రాన్లను కొట్టి చూస్తుండగా 1925లో ద్రవ గాలి సీసా ఒకటి పేలింది. గాలి తీసేసిన గాజు గొట్టం పగిలి గాలి చొరబడి నికెల్ ఆక్సీకరణం చెందింది. దాన్ని శుభ్రం చేద్దామని బాగా కాల్చారు. ఆ వేడికి చిన్నచిన్న స్ఫటికాలు పోయి కొన్ని పెద్దవి తయారయ్యాయి. ఆ తర్వాత ఎలక్ట్రాన్లు కొన్ని కోణాల్లోనే ఎక్కువగా రావడం మొదలుపెట్టాయి. 1927 నాటికి లెక్క తేలింది: 54 వోల్టుల దగ్గర, 50 డిగ్రీల కోణంలో వచ్చే ఎలక్ట్రాన్ల సంఖ్యలో గట్టి శిఖరం. దాన్నిబట్టి కట్టిన తరంగదైర్ఘ్యం 0.165 నానోమీటర్లు, డి బ్రోయ్ సూత్రం చెప్పేది 0.167. అదే ఏడాది జి.పి. థామ్సన్ పలుచని రేకుల గుండా ఎలక్ట్రాన్లను పంపి వలయాలు చూశాడు. ఎలక్ట్రాన్‌ని కణంగా కనిపెట్టిన జె.జె. థామ్సన్ ఈయన తండ్రి! 1937 నోబెల్‌ని డేవిసన్, ఈ కొడుకు పంచుకున్నారు.

నిజమైన చీలికలకి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 1961లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో క్లాస్ యాన్సన్ పలుచని రాగి పొరలో అర మైక్రోమీటరుకు మించని వెడల్పుతో చీలికలు చేసి చారలు సాధించాడు. అవి ఎంత ఇరుకో చూడండి. చీలికల మధ్య ఒక మైక్రోమీటరు, తెరకి 35 సెంటీమీటర్ల దూరం అనుకుంటే, చారకీ చారకీ మధ్య వచ్చేది సుమారు 2 మైక్రోమీటర్లే. ఎలక్ట్రాన్ కటకాలతో పెద్దది చేసి చూడాల్సిందే. తమాషా ఏమిటంటే ఆ రోజుల్లోనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ విద్యార్థులకి ఈ ప్రయోగాన్ని ఊహగా వర్ణించి, పరికరం చేయడానికి వీల్లేనంత చిన్నదిగా ఉండాలి కాబట్టి ప్రయత్నించవద్దన్నాడు. అప్పటికే అది జర్మన్ పత్రికలో అచ్చయి ఉంది.

మళ్ళీ టోనోమురా దగ్గరికి వద్దాం. ఆయన పరికరంలో చీలికలు లేవు, మైక్రోమీటరు కన్నా సన్నని తీగ ఒకటి ఉంది. దానికి ధనావేశం ఇస్తే అటు నుంచీ ఇటు నుంచీ వెళ్ళే తరంగం లోపలికి వంగి కలుస్తుంది, ఫలితం రెండు చీలికలదే. అసలు సంగతి ఎలక్ట్రాన్ల సంఖ్యలో ఉంది. సెకనుకి వెయ్యి మించకుండా పంపారు. కాంతి వేగంలో నలభై శాతంతో పోయే ఎలక్ట్రాన్ల మధ్య సగటు దూరం వంద కిలోమీటర్లు దాటుతుంది, పరికరం పొడవు చూస్తే రెండు మీటర్లు కూడా లేదు. అంటే లోపల ఒకేసారి రెండు ఉండే అవకాశం దాదాపు లేదు. ఒక ఎలక్ట్రాన్ ఇంకోదాన్ని తోసి చారలు పడ్డాయనే సమాధానం దీంతో చెల్లదు. సగం ఎలక్ట్రాన్ ఎప్పుడూ తగల్లేదు, ప్రతిసారీ ఒక నిండు చుక్కే. ఏ చుక్క ఎక్కడ పడుతుందో చెప్పలేం. ఏ చోట పడే అవకాశం ఎంతో మాత్రం తరంగం చెబుతుంది, ఆ తరంగం రెండు దారులనూ లెక్కలోకి తీసుకుంటుంది.

సరే, ఏ దారిన వెళ్ళిందో కనిపెడితే? చారలు పోతాయి. ఇక్కడే చాలామంది "మనిషి చూస్తే మారిపోతుందట" అని మాయాజాలం దాకా వెళ్ళిపోతారు. చూపుకీ మనసుకీ దీంతో పనిలేదు. దారి గురించిన ఆనవాలు బయట ఎక్కడైనా మిగిలితే చాలు. 2004లో వియన్నా బృందం ఎలక్ట్రాన్ల బదులు 70 కార్బన్ పరమాణువుల అణువులను తీసుకుని ఇదే పరీక్షించింది. మామూలుగా వాటికీ చారలు పడతాయి. లేజర్‌తో బాగా వేడి చేసినప్పుడు మాత్రం ఆ అణువులు దారిలో ఫోటాన్లను, అంటే కాంతి కణాలను, ఆనవాలుగా వదులుతూ పోయాయి. వేడి పెంచేకొద్దీ చారలు వెలిసిపోతూ చివరికి కనబడకుండా పోయాయి. ఆ ఫోటాన్లను ఎవరూ పట్టుకోలేదు, లెక్కపెట్టనూ లేదు.