నీళ్లు ఏ సీసాలో పట్టారు?

నల్లగొండ

బిడ్డలారా,

దసరా సెలవుల్లో మీరు ముగ్గురూ మర్రిగూడ దిక్కు పొలాల్లో తిరిగి బోరు నీళ్లు పట్టుకొచ్చారు. కిట్టుతో ఫ్లోరైడ్ చూసి, అంకెలన్నీ నోట్‌బుక్కులో రాసి నా చేతికిచ్చారు. బస్సు ఎక్కే ముందు చిన్నది అడిగింది, "తాతా, ఇది జర్నల్‌లో వేస్తారా?" అని. అప్పుడు జవాబు చెప్పే టైమ్ లేదు. ఒక్క మాటలో చెప్పేది కూడా కాదు.

జర్నల్ అంటే పరిశోధకులు ఏం చేశారో, ఎట్లా చేశారో, ఏం తేలిందో తమలాంటి పరిశోధకులకు చెప్పుకునే పత్రిక. లండన్ రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 1665లో మొదలుపెట్టిన 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' ఇప్పటికీ వస్తోంది. ఇదంతా ఎక్కడో దూరదేశం ముచ్చట అనుకోకండి. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే ఎముకలకు, పళ్లకు వచ్చే జబ్బు ఫ్లోరోసిస్. మన జిల్లాలో దాని గురించి సిద్దిఖీ గారు రాసిన వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. మన ఊళ్లలో నడుములు వంగిపోయిన మనుషుల బాధ అట్లా ప్రపంచంలోని డాక్టర్ల ముందుకు వెళ్లింది. 1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి తయారుచేసి, దానికి మన ఊరి పేరే పెట్టారు. నల్లగొండ టెక్నిక్ అంటే ఆఫ్రికా దేశాల్లో నీటి పని చేసేవాళ్లకు కూడా తెలుసు. ఆ పేరు అక్కడిదాకా వెళ్లింది జర్నళ్లలో అచ్చయిన కాగితాల వల్లనే.

మరి ఎవరు ఏది పంపినా అచ్చు వేస్తారా? వేయరు. ముందు ఎడిటర్ చదువుతారు. తమ పత్రికకు సరిపోదనుకుంటే అక్కడే తిప్పి పంపుతారు. పనికొస్తుందనుకుంటే అదే విషయం మీద పనిచేసే ఇద్దరు ముగ్గురికి పంపి, తప్పులు వెతకమంటారు. దీన్నే పీర్ రివ్యూ అంటారు. పీర్ అంటే తోటివాడు. పైఅధికారి కాదు, మాస్టారూ కాదు. చాలా పత్రికల్లో ఆ చదివేవాళ్లు ఎవరో రాసినవాళ్లకు చెప్పరు. కొన్నింటిలో రాసిందెవరో చదివేవాళ్లకు కూడా తెలియనివ్వరు. ఈ పనికి మామూలుగా జీతం ఉండదు. ఎవరి ఉద్యోగం వాళ్లు చేసుకుంటూ, రాత్రిపూట కూర్చుని, ఎవరిదో వ్యాసంలో అంకెలు సరిచూస్తారు.

మీకు ఇది పరీక్ష పేపర్లు దిద్దినట్టు అనిపించవచ్చు. కాదు. పేపర్ దిద్దే సార్ దగ్గర జవాబు ముందే ఉంటుంది. ఇక్కడ జవాబు ఎవరి దగ్గరా లేదు. అందుకే రివ్యూ చేసేవాళ్లు "ఇది తప్పు" అనడం కంటే "ఇది నీకెట్లా తెలిసింది?" అని అడగడం ఎక్కువ.

నాకు జరిగింది చెప్తాను. నేను కెమిస్ట్రీ లెక్చరర్‌గా ఉన్న రోజుల్లో బోరు నీళ్లు తెచ్చి, కాలేజీ ల్యాబ్‌లో పటిక, సున్నం కలిపి, తేరిన నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ మిగిలిందో కొలిచాను. స్పాడ్న్స్ అనే ఎర్ర రంగు ద్రావణంతో చూసే పద్ధతి అది. ఫ్లోరైడ్ ఎంత ఉంటే రంగు అంత తగ్గుతుంది. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు కదా. నేను అనుకున్న దానికంటే తక్కువ పటికతోనే అంతకు కిందికి వచ్చేసింది. సంబరం ఆగలేదు. వ్యాసం టైపు చేయించి, మూడు కాపీలు రిజిస్టర్ పోస్టులో పంపాను.

ఐదు నెలలకు తిరిగి వచ్చింది. రివ్యూ చేసినాయన రాసింది రెండు పేజీలు. అందులో ఒక ప్రశ్న దగ్గర నా కాళ్లు చల్లబడ్డాయి. "శుద్ధి చేసిన నీళ్లలో పటిక నుంచి వచ్చిన అల్యూమినియం మిగిలి ఉంటుంది. అది ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచితే మీ ద్రావణం రంగు తగ్గదు. కొలిచే ముందు నీళ్లను డిస్టిలేషన్ (మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టడం) చేశారా?"

చేయలేదు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

రెండు రోజులు కోపం, టెన్షన్, సిగ్గు అన్నీ కలిసి అన్నం సహించలేదు. మూడో రోజు ల్యాబ్‌కు పోయి, ఆ నీళ్లనే డిస్టిలేషన్ చేసి మళ్లీ కొలిచాను. కొన్ని నమూనాల్లో ఫ్లోరైడ్ 1.5 పైనే ఉంది. నా మొదటి లెక్క అట్లాగే అచ్చయి ఉంటే, ఎవరో ఒక ఊళ్లో దాన్ని నమ్మి పటిక తక్కువ వేసేవాళ్లు. ఆ నీళ్లు మీ అంత పిల్లలు తాగేవాళ్లు. వ్యాసం మొత్తం మళ్లీ రాశాను, మరుసటి ఏడు అచ్చయింది. ఆ ప్రశ్న అడిగిన మనిషి పేరు నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనకు దండం పెట్టుకోని సంవత్సరం లేదు.

ఐన్‌స్టీన్‌కు కూడా ఇట్లాంటిదే ఎదురైంది. విశ్వంలో బరువైన వాటి కదలికతో పుట్టే అలలు, అంటే గురుత్వ తరంగాలు, ఉండవని 1936లో ఒక వ్యాసం రాసి అమెరికాలోని 'ఫిజికల్ రివ్యూ'కు పంపారు. ఎడిటర్ దాన్ని ఇంకొకరికి చూపించి, వచ్చిన అభ్యంతరాలను ఆయనకు పంపారు. నన్ను అడగకుండా ఎందుకు చూపించారని ఐన్‌స్టీన్ కోపంతో వ్యాసం వెనక్కి తీసుకున్నారు. తర్వాత తప్పు తెలిసి, ముగింపు మార్చి వేరే పత్రికలో వేసుకున్నారు. 2015లో ఆ తరంగాలు నిజంగానే దొరికాయి.

అయితే ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. పీర్ రివ్యూ దాటిన ప్రతిదీ నిజం కాదు. 1998లో 'లాన్సెట్' అనే పెద్ద వైద్య పత్రికలో, 12 మంది పిల్లలను చూసి, టీకాకు ఆటిజానికి సంబంధం ఉండవచ్చన్నట్టు ఒక వ్యాసం వచ్చింది. దాన్ని వెనక్కి తీసుకునేసరికి 2010 అయింది. ఆలోపు ఎందరో తల్లిదండ్రులు భయపడి పిల్లలకు టీకాలు మానేశారు. రివ్యూ చేసేవాళ్లు కాగితం మీద ఉన్నదే చూడగలరు. కావాలని అబద్ధం రాస్తే పట్టుకోవడం కష్టం. మిగతావాళ్లు అదే పని మళ్లీ చేసి చూస్తేనే అది బయటపడుతుంది. మన నల్లగొండ టెక్నిక్‌లో కూడా నీళ్లలో మిగిలే అల్యూమినియం సంగతి మీద తర్వాత చాలామంది రాశారు. అట్లా రాయడం ఆ పద్ధతిని అవమానించడం కాదు, బాగు చేసుకోవడం.

పేరుకు జర్నల్ అని పెట్టుకుని, డబ్బు కడితే రెండు రోజుల్లో అచ్చు వేసేవాళ్లు కూడా ఉన్నారు. నాకు వీళ్ల మీద చాలా కోపం. 2013లో ఒక విలేకరి కావాలనే తప్పులు పెట్టి రాసిన దొంగ వ్యాసాన్ని 304 పత్రికలకు పంపితే 157 పత్రికలు సరేనన్నాయి. యూనివర్సిటీలను చూసుకునే మన యూజీసీ మంచి పత్రికల జాబితా ఒకటి పెట్టి, 2025లో దాన్ని తీసేసింది. కాబట్టి రేపు మీరు కాలేజీకి పోయాక ఎవరికి వాళ్లే చూసుకోవాలి. ఎడిటర్లు ఎవరు, వాళ్లు నిజంగా ఉన్నారా, పాత వ్యాసాలు చదివితే అర్థం ఉందా అని చూడండి. రివ్యూ లేకుండా పొగడ్తలతో "యాక్సెప్టెడ్" అని మెయిల్ వస్తే భయపడండి.

ఇక మీ నోట్‌బుక్కు. ఇప్పటికైతే ఏ జర్నల్‌కూ పంపలేం. కానీ నేను దాన్ని పీర్ రివ్యూ చేసినట్టే చదివాను, తాతలాగా కాదు. నాలుగో పేజీలో రెండో బోరు నీళ్లు మొదటి బోరు కంటే చాలా మంచివి అని రాశారు. ఆ నీళ్లు ఏ సీసాలో పట్టారు, గాజుదా ప్లాస్టిక్‌దా? ఫ్లోరైడ్ చూసే నీళ్లు ప్లాస్టిక్‌లో పట్టాలి. పట్టే ముందు బోరును కాసేపు పోనిచ్చారా? ఒక్కసారే కొలిచారా, మూడుసార్లా? ఏడో పేజీలో ఒక అంకె కొట్టేసి ఇంకొకటి రాశారు. మొదట రాసింది ఎందుకు తప్పనిపించింది?

సంక్రాంతికి వచ్చేటప్పుడు జవాబులు రాసుకొని రండి. తెలియనిచోట తెలియదనే రాయండి. అక్కడి నుంచే మళ్లీ నీళ్లు పడదాం.

మీ తాత