గిటార్‌ని చిన్న మిక్సర్‌కి కలపడం: అపోహలు - వాస్తవాలు

ఒక ఆప్-ఆంప్ (సిగ్నల్‌ని పెంచే ఐసీ), కొన్ని 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటే చాలు, చిన్న ఆడియో మిక్సర్ ఒక సాయంత్రంలో కట్టేయొచ్చు. ఫోను, కీబోర్డు కలిపితే చక్కగా పలుకుతుంది. ఎలక్ట్రిక్ గిటార్ పెట్టగానే గొంతు నొక్కేసినట్టు వస్తుంది. ఇలా రిపేరుకని నా దగ్గరికి వచ్చే మిక్సర్లలో చాలావాటిలో పాడైన పార్టు ఒక్కటీ ఉండదు.

అపోహ: గిటార్ సిగ్నల్ చిన్నది కాబట్టి గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలన్నది) పెంచితే సరిపోతుంది.

వాస్తవం: అందరూ ముందు చేసేది ఇదే, నేనూ చేశాను. అసలు చిక్కు సిగ్నల్ సైజులో కాదు, దాని మీద మనం పెడుతున్న లోడ్‌లో, అంటే అది నడపాల్సిన ఇన్‌పుట్ భారంలో ఉంది. మామూలు పాసివ్ పికప్ (తీగల కదలికని బ్యాటరీ లేకుండా సిగ్నల్‌గా మార్చే భాగం) అంటే అయస్కాంతం చుట్టూ సన్నని తీగతో వేల చుట్లు చుట్టిన కాయిల్. మల్టీమీటర్ పెడితే 6 కిలో ఓమ్‌లే చూపిస్తుంది, అక్కడే మోసపోతాం. మీటర్‌కి కనపడని ఇండక్టెన్స్ (ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఎక్కువ అడ్డుపడే కాయిల్ గుణం) 3 హెన్రీల దాకా ఉంటుంది. 100 హెర్ట్జ్ దగ్గర అది 2 కిలో ఓమ్‌లు కూడా అడ్డుపడదు. 3 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రం 56 కిలో ఓమ్‌లు అవుతుంది. ఇప్పుడు 10 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్‌కి కలిపితే, మంద్ర స్వరాల్లో దాదాపు అయిదింట మూడు వంతులు లోపలికి వస్తాయి, 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఆరింట ఒక వంతే వస్తుంది. తీగని పిక్ తాకిన ఆ 'టిక్' ఉండేది సరిగ్గా అక్కడే. గెయిన్ పెంచితే రెండూ సమానంగా పెరుగుతాయి, తేడా తేడాగానే ఉంటుంది.

అపోహ: అయితే ఆ 10 కిలో ఓమ్ తీసేసి 1 మెగా ఓమ్ పెట్టేద్దాం.

వాస్తవం: లోడ్ తగ్గుతుంది, నిజమే. కానీ ఈ సర్క్యూట్‌లో గెయిన్ అంటే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌కీ (అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి వెనక్కి కలిపేది) ఇన్‌పుట్ రెసిస్టర్‌కీ ఉన్న నిష్పత్తి. కాబట్టి ఫీడ్‌బ్యాక్‌నీ, దాంతో మిగతా ఇన్‌పుట్లనీ పెంచాలి. రెసిస్టర్ నూరు రెట్లు పెరిగితే దాని సొంత హిస్ వోల్టేజ్ పది రెట్లవుతుంది. ఆ సన్నని బుస పాట ఆగిన ప్రతిసారీ వినిపిస్తుంది.

మిక్సర్‌ని ముట్టుకోకుండా, ప్రతి గిటార్‌కీ ముందు ఒక బఫర్ (సిగ్నల్‌ని పెంచకుండా, పికప్ మీద భారం పడకుండా ముందుకు పంపే దశ) పెట్టండి. రెండు ఆప్-ఆంప్‌లుండే టీఎల్072 ఐసీలో ఒక సగం చాలు. 1, 2 పిన్నులు కలపండి. 3వ పిన్ను నుంచి 4.5 వోల్టుల బయాస్‌కి (ఆప్-ఆంప్‌కి ఇచ్చే స్థిర వోల్టేజ్) 1 మెగా ఓమ్ వేయండి. 9 వోల్టుల బ్యాటరీని రెండు 10 కిలో ఓమ్‌లతో సగం చేసి, ఆ రెండూ కలిసే చోటు నుంచి గ్రౌండ్‌కి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే ఆ బయాస్ వచ్చేస్తుంది. గిటార్‌కీ 3వ పిన్నుకీ మధ్య 22 నానోఫారడ్ కెపాసిటర్ సరిపోతుంది. 7 హెర్ట్జ్ దగ్గర కట్ అవుతుంది, గిటార్ అడుగు స్వరం 82 హెర్ట్జ్. బఫర్ అవుట్‌పుట్‌లో 4.5 వోల్టుల డీసీ ఉంటుంది కాబట్టి, మిక్సర్‌కి వెళ్లే దారిలో 10 మైక్రోఫారడ్ మర్చిపోవద్దు.

అపోహ: 3వ పిన్ను దగ్గర 4.1 వోల్టులే వస్తోంది, ఐసీ పోయింది.

వాస్తవం: పోలేదు, టెన్షన్ పడకండి. చాలా డిజిటల్ మీటర్ల లోపలి రెసిస్టెన్స్ 10 మెగా ఓమ్‌లు. మన 1 మెగా ఓమ్‌తో కలిసి అదీ ఒక లోడ్ అయి కూర్చుంటుంది, వోల్టేజ్ పదకొండో వంతు తగ్గుతుంది. 10 కిలో ఓమ్ ఇన్‌పుట్ పికప్‌కి చేసిందే మీటర్ ఇక్కడ చేస్తోంది. 1వ పిన్ను మీద కొలవండి, 4.5 చూపిస్తుంది.

అపోహ: ఎన్ఈ5532 లో-నాయిస్ ఐసీ, బఫర్‌కి అదే మంచిది.

వాస్తవం: మిక్సింగ్ దశలో మంచిదే. పికప్ ముందు కాదు. దాని వోల్టేజ్ నాయిస్ తక్కువైనా కరెంట్ నాయిస్ టీఎల్072 కంటే చాలా ఎక్కువ. పికప్ లాంటి పెద్ద ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే మొత్తం అడ్డు) మీద ఆ కరెంటే హిస్‌గా మారుతుంది.

అపోహ: రెండు గిటార్లని వై కేబుల్‌తో కలిపేయొచ్చు.

వాస్తవం: వద్దు. చాలా గిటార్లలో ఒకరు వాల్యూమ్ సున్నా చేయగానే అవుట్‌పుట్ గ్రౌండ్‌కి కలుస్తుంది, రెండోవాళ్ల గిటార్ కూడా ఆగిపోతుంది.

అపోహ: బఫర్ ఉంటే కేబుల్ ఎంత పొడవున్నా ఫర్వాలేదు.

వాస్తవం: బఫర్ తర్వాతి కేబుల్‌కి ఇది దాదాపు నిజం. గిటార్‌కీ బఫర్‌కీ మధ్య ఉన్న కేబుల్ మాత్రం లెక్కలోకి వస్తుంది. మీటరుకి సుమారు 100 పికోఫారడ్ అనుకుంటే, 6 మీటర్లకి 600 పికోఫారడ్ పికప్ మీద పడుతుంది, పైస్వరాల మెరుపు కిందికి దిగుతుంది. అందుకే బఫర్‌ని గిటార్‌కి దగ్గరగా పెట్టమంటాను. అలా పెట్టాక శబ్దం మరీ పదునుగా ఉందనిపిస్తే, మీ చెవి పాత పొడవాటి కేబుల్‌కి అలవాటుపడిందన్నమాట. ఇన్‌పుట్ జాక్ దగ్గర సిగ్నల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 470 పికోఫారడ్ కెపాసిటర్ ఒకటి వేసి వినండి.