పెట్టెలో కట్టిన ఉయ్యాల

గుంతకల్లులో రైలెక్కి కడపకు పోతున్నాను. గుత్తి దాటగానే ఎదురు సీటులోని తల్లి సంచిలోంచి పాత నూలు చీర తీసింది. అటూ ఇటూ ఉన్న పై బెర్తుల గొలుసులకు రెండు కొసలూ ముడేసి, నడుమ బిడ్డను పండబెట్టింది. పక్కనున్న ముసలామెకు భయమేసింది.

"యేమ్మా, ముడి గట్టిగా యేసినావా?"

"యేసినాలే అవ్వా. ఇంట్లో కన్నా ఈడే బాగా పండుకుంటాడు."

తాడిపత్రి వచ్చేదాకా వాడు కళ్లు తెరవలేదు.

నేను ఆ ఉయ్యాలనే చూస్తూ కూర్చున్నాను. పెట్టె పక్కకు గుంజినప్పుడల్లా మేమంతా ఒకరి మీద ఒకరు ఒరుగుతున్నాం, వాడు మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. మీటరు పొడవున వేలాడే ఉయ్యాల ఒకసారి అటు పోయి ఇటు రావడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. పెట్టె అదురు అంతకంటే చాలా తొందరగా వచ్చిపోతుంది. ఉయ్యాల కదలబోయేలోపే ఆ గుంజుడు వెనక్కి మళ్లిపోతుంది. యుద్ధంలో దెబ్బతిన్న సైనికుల కోసం నూట అరవై ఏళ్ల కిందట రైలు పెట్టెను సిద్ధం చేసినవాళ్లకు పనికొచ్చిన కిటుకు ఈ ఉయ్యాలలోనే ఉంది.

చీర పక్క కుదుపును ఆపుతుంది గానీ, కింది నుంచి వచ్చే దెబ్బను పెద్దగా ఆపలేదు. దానికి సాగే వస్తువు కావాలి. 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధంలో ఎలీషా హారిస్ అనే డాక్టరు రూపమిచ్చిన ఆసుపత్రి పెట్టెల్లో స్ట్రెచర్ల పిడులను లావాటి రబ్బరు వలయాల్లో దూర్చి, నిలువు కంబాలకు వరసలుగా వేలాడదీశారు. లెక్క వేసి చూస్తే ఇందులోని తెలివి అర్థమవుతుంది. మనిషి పడుకోగానే రబ్బరు 10 సెంటీమీటర్లు సాగిందనుకుందాం. అప్పుడు ఆ స్ట్రెచరు తనంతట తాను సెకనుకు 1.6 సార్లు పైకీ కిందికీ ఊగుతుంది. మన ఒళ్లు, ముఖ్యంగా పొట్ట, ఛాతీ, ఎక్కువగా అదిరేది సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే ప్రకంపనలకు. సెకనుకు 5 సార్లు కొట్టే అదురు ఈ రబ్బరును దాటి మనిషిని చేరేసరికి దాదాపు తొమ్మిదో వంతు అవుతుంది.

అయితే ఇందులో ఒక గండం ఉంది. వచ్చే దెబ్బలు కూడా సెకనుకు 1.6 చొప్పునే పడితే, ఉయ్యాల ఊపేవాడికి తాళం కుదిరినట్టు ఊపు పెరుగుతూ పోతుంది. 13 మీటర్ల పట్టాల అతుకుల మీద గంటకు 75 కిలోమీటర్ల వేగంతో పోతే సరిగ్గా అదే జరుగుతుంది. 40 కిలోమీటర్లకు తగ్గిస్తే దెబ్బలు సెకనుకు ఒకటి కూడా పడవు. గాయపడినవాణ్ణి ఎంత తొందరగా చేర్చితే అంత మంచిదని మనమంతా అనుకుంటాం. రైలు ఆసుపత్రి విషయంలో నిదానం కూడా వైద్యమేనని నా నమ్మకం.

కుదుపు ఎంత పని చేస్తుందో నేను కళ్లారా చూశాను. మా మేనమామ శెనక్కాయల బండి మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ట్రాక్టరు ట్రాలీలో వరిగడ్డి పరిచి అనంతపురం తీసుకుపోయారు. ఆయన తల నా ఒళ్లో ఉంది. గుంత వచ్చిన ప్రతిసారీ ఆయన అరుపు ఇంజను మోతను మించి వినపడేది. సగం దారిలో అరుపు ఆగిపోయింది. ముఖం పాలిపోయి చల్లటి చెమటలు పట్టాయి. నొప్పి తగ్గిందని సంతోషించాం. రక్తం లోపలే పోయి షాక్ అనే ప్రాణాపాయ స్థితిలోకి జారుకుంటున్నాడని ఆసుపత్రిలో చెబితేగానీ తెలియలేదు.

తొడ కండరాలు చాలా బలమైనవి. ఎముక విరగగానే అవి ముడుచుకుని విరిగిన ముక్కలను ఒకదాని మీదికి ఒకటి లాగుతాయి. తొడ పొట్టిదై గుండ్రంగా ఉబ్బుతుంది, రక్తం చేరడానికి లోపల చోటు పెరుగుతుంది. ఒంట్లో ఉండే 5 లీటర్లలో లీటరుకు పైగా తొడలోనే పేరుకుపోవచ్చు. పైకి ఒక్క చుక్క కనపడదు. పైగా ప్రతి కుదుపుకూ ఎముక మొనలు కండను మళ్లీ కోస్తాయి.

మొదటి ప్రపంచ యుద్ధం తొలి రోజుల్లో ఇలా తొడ ఎముక విరిగిన సైనికుల్లో 80 శాతం దాకా చనిపోయారని ఆనాటి శస్త్రవైద్యుల లెక్క. హ్యూ ఓవెన్ థామస్ ఎప్పుడో తయారుచేసిన ఇనుప చట్రాన్ని, ఆయన మేనల్లుడి వరసైన డాక్టరు రాబర్ట్ జోన్స్ యుద్ధరంగానికి తెచ్చాడు. తొడ మొదట్లో గజ్జల దగ్గర ఒక వలయం, కాలికి రెండు వైపులా కమ్మీలు, పాదాన్ని కిందికి లాగి కట్టే కట్టు, అంతే. లాగి కట్టడంతో తొడ మళ్లీ పొడవై, రక్తానికి చోటు తగ్గిపోయేది. 1917కల్లా చావులు 20 శాతం లోపుకు వచ్చాయి. శస్త్రచికిత్స మెరుగుపడటం కూడా అందుకు కారణమే. చట్రంతో కాలు, రైలుతో మనిషి, రెండూ కదలకుండా ఉంటేనే దూరపు ఆసుపత్రికి ప్రాణంతో చేరేవాళ్లు.

ఆ యుద్ధంలో బ్రిటిష్ అంబులెన్సు రైలంటే పట్టాల మీద నడిచే చిన్న ఊరు. వార్డు పెట్టెల్లో మూడంతస్తుల పడకలు, ఒక్కో పెట్టెలో 36 మంది. నడుమ పడకను మడిస్తే కింది పడక మీద కూర్చోగలిగినవాళ్లు కూర్చునేవారు. మందుల గదికి, చిన్న చికిత్సలకు ఒక పెట్టె, వంటకు పెట్టెలు, నర్సులు ఉండటానికి వేరే పెట్టె. బురద, పేలు, చీము వాసన నడుమ ఆ నర్సులు పై పడకలోని మనిషికి కట్టు మార్చాలంటే కింది పడక అంచు మీద కాలు మోపి నిలబడాల్సిందే. ఈ రైళ్లలో మన దేశపు సైనికులూ ప్రయాణించారు. ఫ్రాన్సులో గాయపడినవాళ్లలో ఎందరినో ఇంగ్లండుకు చేర్చి, బ్రైటన్‌లోని ఒకప్పటి రాజభవనాన్నే ఆసుపత్రిగా మార్చి 1914 డిసెంబరు నుంచి అందులో ఉంచారు.

రైళ్లు సరిపోనప్పుడు ఏమవుతుందో 1916 జూలై 1న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధంలో తెలిసింది. ఆ ఒక్కరోజే బ్రిటిష్ వైపు 57 వేల మందికి పైగా చనిపోవడమో, గాయపడటమో, జాడ తెలియకుండా పోవడమో జరిగింది. చాలినన్ని రైళ్లు వేళకు రాలేదు. ప్రథమ చికిత్స శిబిరాల బయట పచ్చిక మీద గాయపడినవాళ్లు బారులు తీరి పడి ఉన్నారు.

ఈ పద్ధతి పాతబడలేదు. 2022లో ఉక్రెయిన్‌లో ఎంఎస్ఎఫ్ అనే అంతర్జాతీయ వైద్య సేవాసంస్థ డాక్టర్లు అక్కడి రైల్వేతో కలిసి, యుద్ధం దగ్గరి ఊళ్ల నుంచి పడమటి వైపు ఆసుపత్రులకు రోగులను రైల్లోనే తరలించారు. ఒక పెట్టెను ఐసీయూగా మార్చారు. మన దేశంలో యుద్ధంతో పని లేని ఆసుపత్రి రైలు 1991 నుంచే ఉంది. అది లైఫ్‌లైన్ ఎక్స్‌ప్రెస్. ఊరి స్టేషన్‌లో వారాల తరబడి ఆగి, పొరలు కట్టిన కళ్లకు, గ్రహణమొర్రి పెదవులకు, పోలియో వంకరలకు ఆపరేషన్లు చేసి ముందుకు సాగుతుంది.

ఆ పాత వార్డు పెట్టెల పక్కగోడల్లో స్ట్రెచరు నేరుగా లోపలికి పోయేలా వెడల్పాటి జంట తలుపులు ఉండేవి. మా వైపు ఒక స్టేషన్‌లో వేలూరు ఆసుపత్రికి పోతున్న ఒక పెద్దాయనను రైలెక్కించడం చూశాను. తలుపు దాటగానే మలుపు, పక్కన కక్కసు గోడ, స్ట్రెచరు తిరగలేదు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూలీలు దుప్పటి నాలుగు మూలలూ పట్టుకుని అత్యవసర కిటికీలోంచి ఆయన్ను లోపలికి అందించారు. రైలు ఆగేది రెండు నిమిషాలు. ఆయన నడుము కిటికీ అంచుకు తగిలినప్పుడు పెద్ద కొడుకు తన అరచేతిని అడ్డం పెట్టాడు, బండి కదిలాక కూడా అది తీయలేదు.