రోమన్ శిథిలాల్లో ఏవి చూడాలి: అపోహలు - వాస్తవాలు

ఇటలీ వెళ్ళే తెలుగు కుటుంబాలకు రోజువారీ ప్లాన్ వేసివ్వడం, వీలైతే వెంట వెళ్ళి చూపించడం నా పని. వీసా రాగానే దాదాపు అందరూ ఒకే లిస్టు పంపిస్తారు: రోమ్‌లో జనం ఆటలు చూసిన కొలోసియం, పాత నగర కూడలి ఫోరం, వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పూడిపోయిన పాంపేయి ఊరు, ఇంకో నాలుగు, అన్నీ మూడు రోజుల్లో. ఆ లిస్టు వెనక కొన్ని నమ్మకాలున్నాయి. నేను రోజూ వినేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పేరున్న చోటే ఎక్కువ మిగిలి ఉంటుంది

కొలోసియం వద్దని చెప్పను. క్రీ.శ. 80లో తెరిచిన ఆ కట్టడం ముందు నిలబడితే నాకు ఇప్పటికీ మాట రాదు. కానీ లోపలికి వెళ్తే ఆటలు జరిగిన నేల చాలావరకు లేదు, జనం కూర్చున్న రాతి మెట్లు దాదాపు లేవు, కింద జంతువులను ఉంచిన గదుల గోడలు బయటపడి కనిపిస్తాయి. బయటి గోడ దగ్గరికి వెళ్ళి రాళ్ళను చూడండి, చెయ్యి దూరేంత గుంటలు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. రాయికీ రాయికీ మధ్య బిగించిన ఇనుప కొక్కేల కోసం తర్వాతి శతాబ్దాల్లో జనం తవ్విన గుర్తులవి.

ఇక సర్కస్ మాక్సిమస్. రథాల పందేలు జరిగిన చోటని పిల్లలను ఊరించి తీసుకెళ్తారు, తీరా చూస్తే అదొక పొడవాటి పచ్చిక మైదానం. దారిలో ఉంటే చూడండి, దానికోసం పూట కేటాయించకండి.

అపోహ: రోమన్ల ఊరు చూడాలంటే పాంపేయి ఒక్కటే దిక్కు

ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఓస్టియా ఆంటికా గుర్తొస్తుంది, మనసు చివుక్కుమంటుంది. రోమ్ నుంచి అరగంట లోకల్ రైలు, పిరమిదే మెట్రో పక్క స్టేషన్లో ఎక్కొచ్చు, సిటీ టికెట్టే చెల్లుతుంది. ఒకప్పటి రోమ్ ఓడరేవు అది. అగ్నిపర్వతం ఏమీ మింగలేదు, వ్యాపారం పోయి జనం వెళ్ళిపోయారు, నది మేట వేసింది, సముద్రం ఇప్పుడు మూడు కిలోమీటర్ల దూరం జరిగింది. పాంపేయిలో ఎక్కువగా ఇళ్ళు కనిపిస్తాయి, ఇక్కడ అపార్ట్‌మెంట్లు కూడా కనిపిస్తాయి, పై అంతస్తుకు వెళ్ళే ఇటుక మెట్లతో సహా.

డయానా వీధిలో ఒక తిండి కొట్టు ఉంది. వీధి వైపు పాలరాతి కౌంటరు, లోపల గిన్నెలు పెట్టుకోవడానికి మెట్లు మెట్లుగా కట్టిన అరలు, గోడ మీద అక్కడ దొరికే పదార్థాల బొమ్మ, వెనక కూర్చోవడానికి చిన్న పెరడు. మన టిఫిన్ సెంటర్‌కీ దానికీ తేడా వెతుక్కోవాలి. థియేటర్ వెనక వర్తకుల ఆఫీసుల ముందు నేల మీద నలుపు తెలుపు మొజాయిక్‌లు ఉంటాయి, ఓడలు, దీపస్తంభం, ఒకచోట ఏనుగు, దానితోపాటు ఆఫ్రికా రేవు సబ్రాతా వర్తకుల పేరు. రోమ్‌లో మూడు రోజులే ఉన్నవాళ్ళు పాంపేయికి పరుగెత్తకుండా ఇక్కడ సగం రోజు గడపడం మేలని నా అభిప్రాయం. సోమవారం మాత్రం సెలవు.

అపోహ: పాంపేయి రెండు గంటల పని

మొత్తం ఊరు 160 ఎకరాలకు పైనే, అందులో మూడో వంతు ఇంకా తవ్వనే లేదు. తవ్విన భాగంలో నీడ తక్కువ, వీధుల్లో ఎత్తుపల్లాల నల్లరాళ్ళు, దాటడానికి మధ్యలో మోకాలి ఎత్తున అడ్డరాళ్ళు. ఒకసారి జూలైలో మోకాళ్ళ నొప్పులున్న ఒక పెద్దావిడను మిట్టమధ్యాహ్నం ఆ దారుల్లో నడిపించాను. ప్లాన్ వేసింది నేనే. గంట తిరక్కుండానే ఆవిడ ఒక గడప మీద కూర్చుని "నువ్వు వాళ్ళకు చూపించి రా నాయనా, నేనిక్కడే ఉంటా" అన్నారు. ఆ తర్వాత నుంచి పెద్దవాళ్ళుంటే ఆంఫీథియేటర్ వైపు గేటు నుంచి, నున్నగా చేసిన "పాంపేయి అందరికీ" దారిలోనే తీసుకెళ్తున్నాను, అదీ పొద్దున్నే. టికెట్లు ముందే కొనండి, 2024 నవంబర్ నుంచి రోజుకు 20,000 మందినే రానిస్తున్నారు, టికెట్ మీద పేరు ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయించుకోండి.

ఓపిక తక్కువైతే పాంపేయికి దగ్గర్లోనే ఉన్న మరో రోమన్ ఊరు హెర్క్యులేనియం వెళ్ళండి. అదే క్రీ.శ. 79 పేలుడులో పూడిపోయింది, కానీ అక్కడ పడింది దాదాపు ఇరవై మీటర్ల మందాన వేడి బూడిద ప్రవాహం, అందుకే కొయ్య మాడి బొగ్గయి నిలిచింది. ఒక ఇంట్లో హాలుకు అడ్డంగా పెట్టిన చెక్క తలుపుల తెర ఇప్పటికీ ఉన్నచోటే ఉంది, నల్లగా. పాంపేయిలో అలాంటిది దొరకడం అరుదు. ఊరు చిన్నది, రెండు మూడు గంటల్లో నిదానంగా చూడొచ్చు. స్టేషన్ నుంచి దిగుడు దారి, తిరిగొచ్చేటప్పుడు ఎక్కుడు, అది గుర్తుంచుకోండి.

అపోహ: వీటికోసం ఇటలీకే వెళ్ళాలి

గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ళకు జోర్డాన్‌లోని పాత రోమన్ నగరం జెరాష్ చాలా దగ్గర. అమ్మాన్ నుంచి గంట ప్రయాణం. చుట్టూ స్తంభాలున్న కోడిగుడ్డు ఆకారపు చౌక్, అక్కడి నుంచి సాగే స్తంభాల వీధి, రెండు థియేటర్లు. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళకు బాత్ అనే ఊళ్ళో రోమన్ల స్నానాల గదులు, ఉత్తరాన రోమన్లు కట్టిన హేడ్రియన్ సరిహద్దు గోడ. వీటికి షెంగెన్ వీసా అక్కర్లేదు.

అపోహ: శిథిలాలు చూశాక మ్యూజియం దండగ

పాంపేయిలో దొరికిన మంచి వస్తువుల్లో చాలావరకు నేపుల్స్ ఆర్కియాలజీ మ్యూజియంలో ఉన్నాయి. మ్యూజియం చూడకపోతే ఇళ్ళు ఖాళీ గోడల్లాగే గుర్తుండిపోతాయి. అక్కడే, 1938లో పాంపేయి ఇంట్లో బయటపడిన దంతపు బొమ్మ ఉంది, పాతిక సెంటీమీటర్ల ఎత్తు, మెడలో హారాలు, చేతుల నిండా గాజులు, చెరో పక్క చిన్న చెలికత్తె. మొదట లక్ష్మీదేవి అన్నారు, యక్షిణి అని ఇప్పుడు చాలామంది అంటున్నారు. మన దేశం నుంచి ఓడలో వెళ్ళిన బొమ్మ. నేను తీసుకెళ్ళిన అమ్మమ్మల్లో చాలామంది దాని ముందు చెప్పులు విప్పబోయారు. మంగళవారం మ్యూజియం మూసేస్తారు, కాబట్టి పాంపేయికి మంగళవారం, మ్యూజియానికి బుధవారం పెట్టుకోండి.