సబ్బు తూటా

2022 ఆగస్టు 4న వాషింగ్టన్ నగరంలోని అనకోస్టియా గ్రంథాలయంలో ఒక శిక్షణ ముగిసింది. గ్రంథాలయాల భద్రతా సిబ్బందికి ఆ రోజు నేర్పినది తుపాకీ కాల్చడం కూడా కాదు, లాఠీ వాడకం. పాఠం అయిపోయాక అందరూ కలిసి ఫొటోకు నిలబడ్డారు. నేర్పడానికి వచ్చిన విశ్రాంత పోలీసు అధికారి నడుము దగ్గరి తుపాకీ తీసి ఒక్కసారి పేల్చారు. ఆ బృందంలోని ఒక యువ అధికారిణి చనిపోయింది. అది శిక్షణలో వాడే ఉత్త తుపాకీ అని ఆయన అనుకున్నారని తర్వాత వార్తలు వచ్చాయి.

ఎంత అజాగ్రత్త అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. ఇలాంటివే మరికొన్ని చదివాక ఆ మాట మీద నమ్మకం సడలింది. 2013 ఫిబ్రవరిలో మేరీలాండ్ రాష్ట్రంలోని ఓయింగ్స్ మిల్స్‌లో ఒక పోలీసు శిక్షకుడి దగ్గర రెండు తుపాకులున్నాయి. ఒకటి రంగు గుండ్లు వేసేది, ఇంకొకటి ఉద్యోగంలో ఇచ్చినది. కిటికీ అవతలి శిష్యుడి మీద రంగు గుండు వేస్తున్నాననుకున్నాడు, వెళ్లినది అసలు తూటా. శిష్యుడు బతికాడు గానీ ఒక కన్ను పోయింది. 2016 ఆగస్టులో ఫ్లోరిడాలోని పుంటా గోర్డాలో పోలీసుల పని ఎలా ఉంటుందో ఊరివాళ్లకు చూపించే కార్యక్రమం జరిగింది. శబ్దం మాత్రమే చేస్తాయనుకుని రివాల్వర్‌లో నింపినవి నిజమైన తూటాలు. ముందుభాగం చదునుగా ఉండి డొల్లలోకి మునిగిపోయే రకం అవి, చూపుకు ఉత్త తూటాల్లాగే ఉంటాయి. పాల్గొనడానికి వచ్చిన ఒక పెద్దావిడ ప్రాణం పోయింది.

ఈ మూడు చోట్లా తప్పు చేసినవాళ్లు ఆయుధం కొత్తగా పట్టినవాళ్లు కారు. తుపాకీ పట్టుకోవడం వాళ్ల చేతికి అన్నం కలుపుకోవడమంత అలవాటు. నా అనుమానం ఆ అలవాటు మీదే.

అసలు మనిషికి ఎదురుగా మనిషిని నిలబెట్టి, నిజం తూటాలు కానివాటితో కాల్పించే ఇలాంటి శిక్షణ ఎందుకు ఇస్తారు? అట్ట బొమ్మ మీద గురి చూసి కొట్టడం నేర్పితే సరిపోదా? న్యూయార్క్ పోలీసుల కాల్పుల లెక్కలను 1998 నుంచి 2006 దాకా పరిశీలించి రాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2008లో ఒక నివేదిక ఇచ్చింది. అవతలివాడు తిరిగి కాల్చనప్పుడు పోలీసులు వేసిన తూటాల్లో దాదాపు 30 శాతం తగిలాయి. తిరిగి కాలుస్తున్నప్పుడు 18 శాతమే. వీళ్లంతా ఫైరింగ్ రేంజ్‌లో పరీక్ష పాసైనవాళ్లే. మిగతా తూటాలు ఎక్కడికి పోయాయన్నది వేరే భయం.

దొంగ వెంటపడుతున్నాడంటే తాళంచెవి తాళంలో దూరదు. ఇందులో వింతేమీ లేదు. హార్వర్డ్ శరీరశాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915 నాటికే దీని లోపలి పని వివరించాడు. ముప్పు కనబడగానే మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తం పెద్ద కండరాలకు మళ్లుతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి. తిరగబడటానికో పారిపోవడానికో ఇది మంచి ఏర్పాటే. వేలి కొసతో తుపాకీ మీటను (ట్రిగ్గర్‌ను) మెల్లగా నొక్కవలసిన పనికి మాత్రం కాదు. నిజమైన కాల్పుల్లో పాల్గొన్న 157 మంది పోలీసులను అమెరికా మనస్తత్వ నిపుణురాలు అలెక్సిస్ ఆర్ట్‌వోల్ ప్రశ్నించగా, 84 శాతం మంది శబ్దాలు సరిగా వినబడలేదన్నారు. 79 శాతం మందికి చూపు సొరంగంలోకి చూస్తున్నట్టు కుంచించుకుపోయింది. 74 శాతం మంది చెప్పినది నాకు మరీ ముఖ్యంగా కనిపించింది: ఆలోచన పెద్దగా లేకుండా చేతులు వాటంతటవే పని చేసుకుపోయాయి.

శిక్షణ తరగతుల్లో గోడ మీద తరచుగా ఒక బొమ్మ ఉంటుంది, బోర్లించిన గిన్నెలా వంగిన గీత. ఒత్తిడి కొంత ఉంటే పని బాగుంటుంది, మరీ ఎక్కువైతే చెడుతుంది అని దాని అర్థం. 1908లో యెర్కెస్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగం దీనికి మూలం. తెల్ల పెట్టెలోకి వెళ్లాలి, నల్ల పెట్టెలోకి వెళితే కరెంటు షాకు. ఆ ప్రయోగంలో ఇంకో సంగతి కూడా ఉంది, గోడ మీది బొమ్మ దాన్ని మింగేసింది. రెండు పెట్టెలకూ తేడా స్పష్టంగా కనబడి పని తేలికైనప్పుడు షాకు పెరిగేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. వెలుతురు తగ్గించి తేడా పోల్చుకోవడం కష్టం చేసినప్పుడే గట్టి షాకు వాటిని చెడగొట్టింది.

తుపాకీ విషయంలో మీట నొక్కడం తేలిక పని. నొక్కాలా వద్దా అని తేల్చుకోవడం కష్టమైన పని. ఎలుకల లెక్క మనుషులకు వర్తిస్తే, భయం మొదటిదాన్ని వేగం చేసి రెండోదాన్ని పాడుచేయాలి. నెదర్లాండ్స్‌లో ఆర్నే న్యూవెన్‌హౌస్, రౌల్ ఔడెయాన్స్ బృందం 2012లో ప్రచురించిన ప్రయోగంలో దాదాపు అదే తేలింది. తెర మీద కనిపించే మనిషి తుపాకీ ఎక్కుపెట్టవచ్చు, చేతులెత్తి లొంగిపోనూ వచ్చు. పోలీసు ఆ క్షణంలో తేల్చుకోవాలి. కొన్నిసార్లు చిన్న ప్లాస్టిక్ గుండ్లు విసిరే యంత్రాన్ని పోలీసు వైపు తిప్పి ఉంచారు. తగులుతుందన్న భయం ఉన్నప్పుడు వాళ్లు తొందరగా స్పందించారు, గురి తగ్గింది, లొంగిపోతున్నవాళ్ల మీద కూడా ఎక్కువసార్లు కాల్చారు. తాడును చూసి పాము అనుకోవడానికి చీకటే అక్కరలేదు, భయం చాలు.

అయితే భయాన్ని తరగతి గదిలోకి తేవడం ఎలా? చాలామంది శిక్షకులకు తోచే మార్గం అరవడం. దండీలు తీయించి, పరుగెత్తించి, చెవి దగ్గర కేకలు వేసి ఆ తర్వాత కాల్చమంటారు. గుండె నిమిషానికి ఇన్నిసార్లు దాటితే వేళ్ల నేర్పు పోతుంది, అన్నిసార్లు దాటితే బుద్ధి పోతుంది అంటూ రంగురంగుల పట్టికలు చూపిస్తారు. ఆ పట్టికలకున్న ప్రచారం ముందు వాటి ఆధారం చాలా చిన్నది. మెట్లెక్కినప్పుడు కొట్టుకునే గుండె వేరు, కత్తిని చూసి కొట్టుకునే గుండె వేరు. అంకె ఒకటే కావచ్చు, ఆ రెండు సందర్భాల్లోనూ మెదడు చేసే పని ఒకటి కాదు. పరుగెత్తించి కాల్పిస్తే ఆయాసంలో కాల్చడం వస్తుంది. భయంలో తేల్చుకోవడం రాదు.

ఔడెయాన్స్ 2008లో వేరే దారి పట్టాడు. కొందరు పోలీసులను రెండు బృందాలు చేసి ఒకరికి అట్ట బొమ్మల మీద సాధన చేయించాడు. రెండోవారి ముందు నిజమైన మనిషిని నిలబెట్టాడు. ఆ మనిషి తిరిగి కాలుస్తాడు, సబ్బు తూటాలతో. మామూలు తూటా కంటే మందు చాలా తక్కువ, సీసం బదులు ముందుభాగంలో రంగు కలిపిన సబ్బు లాంటి పదార్థం. ఒంటికి తగిలితే చురుక్కుమని నొప్పి, తర్వాత కమిలిన మచ్చ. ప్రాణం పోదు, కానీ తగలకూడదని ఒళ్లు గట్టిగా కోరుకుంటుంది. సాధనకు ముందు మనిషి ఎదురైతే రెండు బృందాల గురీ పడిపోయింది. సాధన తర్వాత అట్ట బొమ్మల బృందానికి అదే తంతు. రెండో బృందం గురి మాత్రం నిలబడింది. 2011లో వచ్చిన మరో అధ్యయనంలో ఆ మేలు నాలుగు నెలల తర్వాత కూడా కనిపించింది. వీటిలో పాల్గొన్నవాళ్లు కొద్దిమందే కాబట్టి ఇదే తుదిమాట అనను. అయినా ఒకటి గమనించండి: భయం పుట్టడానికి చావు అక్కరలేదు, చిన్న నొప్పి చాలింది. ‘వాస్తవికత కావాలంటే కొంత ప్రమాదం తప్పదు’ అనే శిక్షకుల వాదన అక్కడే వీగిపోతుంది.

ఈ రంగంలో కథలు చాలా తొందరగా పాఠాలైపోతాయి. 1970 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని న్యూహాల్‌లో నలుగురు హైవే పోలీసులు కాల్పుల్లో చనిపోయారు. వారిలో ఒకరు అంత ఆపదలోనూ పేలిన తూటాల ఖాళీ డొల్లలు ఏరి జేబులో వేసుకున్నారని, రేంజ్‌లో నేల శుభ్రంగా ఉంచడానికి చేయించిన అలవాటే అలా బయటపడిందని దశాబ్దాల పాటు అమెరికా అంతా చెప్పుకున్నారు. తర్వాత పాత రికార్డులు తిరగేసి చూస్తే ఆ డొల్లలు నేల మీదే ఉన్నాయని తేలింది. కథ తప్పు. చెయ్యి తనకు అలవాటైనదే చేస్తుందన్న మాట మాత్రం తప్పు కాదు. అందుకు సాక్ష్యం న్యూహాల్ కంటే అనకోస్టియాలో ఎక్కువగా ఉంది.

అమెరికాలో తుపాకీ నేర్చుకునేవాళ్లలో చాలామందికి నాలుగు సూత్రాలు నేర్పుతారు. మెరీన్ సైనికుడిగా పనిచేసి, 1976లో అరిజోనాలో శిక్షణ పాఠశాల పెట్టిన జెఫ్ కూపర్ వాటిని ప్రచారంలోకి తెచ్చాడు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకో. నాశనం చేయదలచుకోనిదాని వైపు గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా మీట మీద వేలు పెట్టకు. నీ లక్ష్యం ఏమిటో, దాని వెనుక ఏముందో తెలుసుకో. మంచి సూత్రాలు. కానీ మనిషికి ఎదురుగా మనిషిని నిలబెట్టే శిక్షణలో రెండోదాన్ని కావాలనే మీరాలి. స్నేహితుడి గుండెకే గురిపెట్టి మీట నొక్కాలి. ఆ చెయ్యి ఇకపై ఆ పనికి జంకకూడదన్నదే అక్కడి పాఠం. జంకు పోగొట్టిన చేతికి అసలు తుపాకీ అందితే ఏమవుతుందో పైన చూశాం.

మూడో సూత్రం కూడా మనం అనుకున్నంత గట్టిది కాదు. జర్మనీలో పోలీసుల తుపాకీకి ఒత్తిడి కొలిచే పరికరాలు అమర్చి గమనిస్తే, మీట ముట్టవద్దని తెలిసినవాళ్లలోనూ కొందరి వేలు దాన్ని తాకింది. తాకిన సంగతి వారిలో చాలామందికి గుర్తే లేదు. కాలు జారినా, ఉలిక్కిపడినా, రెండో చెయ్యి దేన్నయినా గట్టిగా పట్టుకున్నా మొదటి చేతి వేళ్లు ముడుచుకుంటాయి.

కాబట్టి ఇక్కడ ‘జాగ్రత్తగా ఉండండి’ అని చెప్పడంలో పెద్ద అర్థం లేదు. మనిషి మరిచిపోయినా ఆగిపోయే ఏర్పాటు కావాలి. సబ్బు తూటాల కోసం తుపాకీ గొట్టాన్నే మారుస్తారు. కొత్త గొట్టంలో మామూలు తూటా పేలదు, దూరం నుంచే తెలిసేలా దానికి తరచుగా నీలం రంగు ఉంటుంది. అక్కడ భద్రత ఎవరి జ్ఞాపకశక్తి మీదా ఆధారపడదు, ఇనుము మీద ఆధారపడుతుంది. ముఖానికి, గొంతుకు తొడుగులు ఉంటాయి. ఎవరు ‘ఆపు’ అన్నా ఆట ఆగాలి. శిక్షణ స్థలం చుట్టూ ఒక గీత ఉంటుంది, దాని లోపలికి అసలు తూటా ఒక్కటి కూడా రాకూడదు. లోపలికి వచ్చే ప్రతివాడూ తన జేబులు తానే చూసుకుని, తోటివాడికి చూపించి, చివరికి భద్రతాధికారి చేత తడిమించుకోవాలి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో ఆత్మరక్షణ తరగతులు డబ్బు కడితే ఎవరికైనా దొరుకుతాయి. చేరాలనుకునేవారు శిక్షకుడి పతకాల గురించి అడగనక్కరలేదు. ‘మీ జేబులు ఎవరు తడుముతారు?’ అని అడిగితే చాలు. ఆయన నొచ్చుకుంటే అక్కడి నుంచి వచ్చేయవచ్చు.

ఈ తనిఖీ ఉదయం ఒకసారి చేసి వదిలేసేది కాదు. మధ్యాహ్నం భోజనానికి అందరూ బయటికి వెళ్తారు. కార్లు అక్కడే ఉంటాయి, పొద్దున తీసి దాచిన అసలు తుపాకులు వాటిలోనే ఉంటాయి. తిని వచ్చేటప్పుడు ఎవరో ఒకరు అలవాటుగా దాన్ని మళ్లీ నడుముకు పెట్టుకుంటారు. అందుకే చెయ్యి కడుక్కుని వచ్చిన ప్రతివాడూ, పొద్దున తడిమినవాడితో సహా, మళ్లీ వరుసలో నిలబడాలి.